మొదటి కెమెరా: అద్దం ఉన్నదా, లేనిదా?

ప్రశ్న: ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీశాను. ఇప్పుడు సొంతంగా కెమెరా కొనుక్కుని సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. మావారి స్నేహితుడు తన నికాన్ డీ3500 డీఎస్‌ఎల్‌ఆర్‌ని 18-55, 70-300 లెన్సులతో కలిపి ఇచ్చేస్తానంటున్నారు. కొత్త కెమెరాకు అయ్యే డబ్బులో సగం ఇస్తే చాలట. మా తమ్ముడేమో ‘డీఎస్‌ఎల్‌ఆర్‌ల కాలం అయిపోయింది అక్కా, మిర్రర్‌లెస్ తీసుకో’ అని పట్టుబట్టాడు. కానీ కొత్త మిర్రర్‌లెస్ కొంటే, దాంతో వచ్చే కిట్ లెన్స్‌తోనే నా డబ్బంతా అయిపోతుంది. మా పాపకు నాలుగేళ్లు. కాలు ఒకచోట నిలవదు. నేను తీసేవి ఎక్కువగా తన ఫొటోలే, అదీ ఇంట్లోనే. అప్పుడప్పుడు వీడియోలు తీస్తాను. పక్షుల ఫొటోలు తీయాలని కూడా ఎప్పటినుంచో కోరిక. ఏది కొనమంటారు? తప్పు నిర్ణయం తీసుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. ఈ రెండింటిలో ఏది కొన్నా ఫొటో నాణ్యతలో మీకు అన్యాయం జరగదు. డీ3500లో ఉన్నది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్. సెన్సర్ అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్, ఏపీఎస్-సీ అన్నది దాని సైజు పేరు. మిర్రర్‌లెస్‌లలో కెనాన్ ఆర్50లో కూడా అదే సైజు సెన్సర్, అవే 24 మెగాపిక్సెళ్లు. నికాన్ జెడ్50లో 20.9. ఒకే వెలుతురులో, కదలని వస్తువును ఒకేలాంటి లెన్స్‌తో తీసి రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే, ఏది దేనితో తీసిందో నేను చెప్పలేను. చాలా ఏళ్లుగా రెండు రకాలూ వాడుతున్నాను, అయినా చెప్పలేను.

తేడా అంతా బటన్ నొక్కడానికి ముందు జరిగే పనిలో ఉంది. మీ పాప కదులుతూ ఉంటుంది కాబట్టి, మీకు ఆ తేడా చాలా ముఖ్యం.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు ఏటవాలుగా నిలబెట్టిన ఒక అద్దం మీద పడి పైకి మళ్లుతుంది. అక్కడున్న మరికొన్ని అద్దాల మీదుగా మీ కంటికి చేరుతుంది. పెద్ద అద్దం వెనక ఇంకో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుతురును కిందికి, ఫోకస్ చూసే వేరే సెన్సర్ మీదికి పంపిస్తుంది. బటన్ నొక్కగానే ఈ అద్దాలు పైకి లేస్తాయి, అప్పుడు వెలుతురు అసలు సెన్సర్‌కు తగులుతుంది. ఆ ‘ఠక్’మనే చప్పుడులో ఎక్కువ భాగం అద్దానిదే. మిర్రర్‌లెస్‌లో ఈ ఏర్పాటంతా తీసేశారు. వెలుతురు ఎప్పుడూ అసలు సెన్సర్ మీదే పడుతుంది. అది చూసిన దాన్నే స్క్రీన్ మీదా, వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే చోట, ఉన్న బుల్లి తెర మీదా చూపిస్తారు. 2008లో పానసోనిక్ జీ1తో ఈ తరహా కెమెరాలు మొదలయ్యాయి. మొదట్లో వాటి ఫోకస్ డీఎస్‌ఎల్‌ఆర్‌లను అందుకోలేకపోయేది. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది.

డీ3500లో ఫోకస్ పాయింట్లు, అంటే ఫ్రేమ్‌లో ఫోకస్ కుదరగల చోట్లు, 11. అవన్నీ దాదాపు మధ్య భాగంలోనే ఉంటాయి. పాప ముఖం ఫ్రేమ్ అంచుకు వచ్చిందనుకోండి, అక్కడ పాయింట్ ఉండదు. మధ్య పాయింట్‌ను ముఖం మీద పెట్టి, బటన్ సగం నొక్కి పట్టుకుని, కెమెరాను పక్కకు జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. కుదురుగా కూర్చున్న తాతయ్యను తీసేటప్పుడు ఈ పద్ధతి హాయిగా ఉంటుంది. నాలుగేళ్ల పాప మీరు జరిపేలోపే ఇంకో గదిలో ఉంటుంది. జెడ్50, ఆర్50, సోనీ ఏ6400 లాంటి మిర్రర్‌లెస్‌లు ఫ్రేమ్‌లో దాదాపు ఎక్కడున్నా ముఖాన్ని గుర్తుపట్టి, అందులో కన్ను వెతికి పట్టుకుంటాయి. మీరు పాప నవ్వు మీద దృష్టి పెడితే చాలు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను మొదట కొన్నది ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్. దానికి ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది) తగిలించి మా ఇంట్లోవాళ్ల ముఖాలు దగ్గరగా తీసేవాణ్ని. తీరా పెద్దది చేసి చూస్తే చెవులు స్పష్టంగా ఉండేవి, కళ్లు మసకగా ఉండేవి. నా చెయ్యి వణుకుతోందనుకున్నాను. నెలల తరబడి ఊపిరి బిగబట్టి తీశాను. చివరికి తెలిసిందేమంటే, ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు కాబట్టి ఆ రెంటికీ వెలుతురు ప్రయాణించే దూరం కచ్చితంగా సరిపోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటి మీద పడాల్సిన ఫోకస్ చెవి మీద పడుతుంది. ఖరీదైన డీఎస్‌ఎల్‌ఆర్‌లలో దీన్ని మెనూలో సరిచేసుకునే వీలుంటుంది. డీ3500 స్థాయి వాటిలో ఉండదు, సర్వీస్‌కు ఇవ్వాల్సిందే. అన్ని డీఎస్‌ఎల్‌ఆర్‌లకూ ఈ జబ్బు ఉండదు. మీ దగ్గరకు వచ్చేదానికి ఉందో లేదో మాత్రం కొనకముందే చూసుకోవాలి. ఎలాగో చివర్లో చెబుతాను. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ కొలిచేదీ, ఫొటో తీసేదీ ఒకే సెన్సర్ కాబట్టి ఈ రకం తేడాకు తావే లేదు.

అలాగని మిర్రర్‌లెస్ కొన్న మర్నాడే ఫొటోలన్నీ స్పష్టంగా వస్తాయని అనుకోవద్దు. పరుగెత్తే పిల్లల ఫొటోలు చెడిపోవడానికి రెండో కారణం షట్టర్ స్పీడ్, అంటే సెన్సర్ మీద వెలుతురు పడే సమయం. సెకనులో 60వ వంతు దగ్గర తీస్తే ఫోకస్ ఎంత బాగున్నా చేతులూ జుట్టూ సాగిపోయి కనిపిస్తాయి. 250వ వంతు, వీలైతే 500వ వంతు కావాలి. అంత వేగం కావాలంటే వెలుతురు కావాలి. రాత్రిపూట ఇంట్లో ఉండేదేమో చాలా తక్కువ. ఇక్కడే లెన్స్ సంగతి వస్తుంది. మీ తమ్ముడు చెప్పని విషయం ఇదే.

మిర్రర్‌లెస్‌లతో వచ్చే కిట్ లెన్సులు చిన్నగా, ముద్దుగా ఉంటాయి కానీ వెలుతురు తక్కువ తీసుకుంటాయి. ఆర్50తో వచ్చే 18-45 లెన్స్ (ఇవి మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ దూరంలోవి దగ్గరగా కనిపిస్తాయి, ఫ్రేమ్‌లో పట్టేది తగ్గుతుంది) జూమ్ చేసేసరికి ఎఫ్ 6.3కి పడిపోతుంది. జెడ్50తో వచ్చే 16-50 కూడా అంతే. డీ3500తో వచ్చే 18-55 కొంచెం నయం, ఎఫ్ 5.6. అదే ఒక ఎఫ్ 1.8 లెన్స్ తగిలిస్తే, ఎఫ్ 6.3తో పోలిస్తే 12 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. లెక్క వేసి చూడండి: 6.3ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. కిట్ లెన్స్‌తో 30వ వంతు దగ్గర సాగిపోయిన ఫొటో, అదే గదిలో ఈ లెన్స్‌తో 350వ వంతు దగ్గర స్పష్టంగా వస్తుంది. కొత్త బాడీ (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా) ఏదీ చేయలేని మేలు ఇది.

అందుకే నా సలహా కెమెరాతో మొదలవదు. మీ డబ్బులోంచి ఒక ఎఫ్ 1.8 లెన్స్‌కు సరిపడా ముందే తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంతో ఏ బాడీ వస్తుందో చూద్దాం. లెన్స్ కొనేటప్పుడు 50 మి.మీ. వైపు పోకండి. అందరూ మొదట చెప్పేది అదే. ఈ సైజు సెన్సర్ మీద 50 అంటే, పెద్ద ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 75-80 లెన్స్ వేసినట్టు ఉంటుంది. గదిలో పాప మొత్తం పట్టాలంటే మీ వీపు గోడకు తగులుతుంది. 35 గానీ అంతకన్నా వెడల్పుగా చూసేది గానీ తీసుకోండి. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు 2009లో వచ్చిన 35 ఎఫ్ 1.8 డీఎక్స్ లెన్స్ (డీఎక్స్ అంటే ఈ సైజు సెన్సర్‌కు నికాన్ పెట్టిన పేరు) ఈ పనికి అచ్చంగా సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. నికాన్ జెడ్ కెమెరాలకైతే 24 ఎఫ్ 1.7 ఉంది. సోనీకి సిగ్మా, టామ్రాన్ లాంటి కంపెనీల లెన్సులు బోలెడు. కెనాన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌ల ఆర్ఎఫ్ మౌంట్‌కు (మౌంట్ అంటే కెమెరాకు లెన్స్ తగిలించే చోటు) చాలాకాలం బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు దొరికేవి కావు. 2024 నుంచి ఈ సైజు సెన్సర్‌కు సిగ్మా, టామ్రాన్ లెన్సులు రావడం మొదలైంది.

ఇక ‘కాలం అయిపోయింది’ అన్న మాట. మీ తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఉంది. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ ఒక్కటీ తేలేదు. పెంటాక్స్ ఒక్కటే ఆ దారిలో పట్టుదలగా నడుస్తోంది. కొత్త లెన్సులు, కొత్త ఫోకస్ పద్ధతులు అన్నీ మిర్రర్‌లెస్‌కే వస్తాయి. అయితే కొత్తవి రాకపోతే ఉన్నవి పనిచేయడం మానేయవు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఉండే ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, ఇన్ని దశాబ్దాల లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టి అవి ఇంకా చవక అవుతున్నాయి. నేర్చుకునేవాళ్లకు ఇది మంచి అవకాశమే.

ఒక్క జాగ్రత్త. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. లెన్స్‌లో మోటార్ ఉంటేనే ఆటోఫోకస్ పనిచేస్తుంది. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని రాసి ఉండాలి. ఉత్త ఏఎఫ్ అని మాత్రమే ఉన్న పాతవి చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. ఆయన ఇస్తానన్న 70-300 మీద ఏముందో చూడండి. అలాగే వీఆర్ అనే అక్షరాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. అంటే చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉందని అర్థం. 300 దగ్గర అది లేకపోతే షట్టర్ స్పీడ్ బాగా పెంచుకోవాలి.

పక్షుల విషయంలో డీఎస్‌ఎల్‌ఆర్ మీకు నిజంగా ఉపయోగపడుతుంది. వ్యూఫైండర్‌లోంచి మీరు చూసేది అసలు వెలుతురునే, తెర మీది బొమ్మను కాదు. కొమ్మ మీది పక్షి ఎప్పుడు ఎగురుతుందా అని గంటసేపు కన్ను ఆనించి చూసినా బ్యాటరీ పెద్దగా ఖర్చవదు. డీ3500 ఒక్క చార్జింగ్‌తో 1550 ఫొటోలు తీస్తుందని అధికారిక కొలత. ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్‌లలో చాలావాటికి అదే కొలత 400 లోపే. మిర్రర్‌లెస్ కొంటే రెండో బ్యాటరీ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. పైగా 70-300 మీకు కెమెరాతోపాటే వస్తోంది. మిర్రర్‌లెస్‌కు అలాంటి లెన్స్ విడిగా కొనాలి.

నేర్చుకోవడంలో మాత్రం నా ఓటు మిర్రర్‌లెస్‌కే. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ కళ్ల ముందున్న దృశ్యాన్ని చూపిస్తుంది. ఫొటో ఎలా వస్తుందో చూపించదు. నొక్కాక స్క్రీన్ చూసుకుని, నల్లగా వచ్చిందని సరిచేసుకుని, మళ్లీ నొక్కాలి. మిర్రర్‌లెస్‌లో డయల్ తిప్పుతుంటేనే బొమ్మ వెలగడం, చీకటవడం కనిపిస్తుంది. కిటికీ దగ్గర కూర్చున్న పాప ముఖం నల్లగా వస్తోందని నొక్కకముందే తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు మోతాదు) అనే మాటకు అర్థం పుస్తకం చదవకుండానే వేళ్లకు తెలిసిపోతుంది. అద్దాల కెమెరాతో నాకు నెలలు పట్టిన విషయం, ఈ మధ్య మా అన్నయ్య కూతురు మిర్రర్‌లెస్ మీద ఒక్క వారంలో పట్టేసింది.

వీడియో గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. డీ3500లో 4కే లేదు, బయటి మైకు పెట్టుకునే చోటు లేదు. వీడియో తీసేటప్పుడు అద్దం పైకి లేచి ఉంటుంది కాబట్టి ఆ వేరే ఫోకస్ సెన్సర్ పనిచేయదు. అప్పుడు ఫోకస్ వెనక్కీ ముందుకీ వెతుక్కుంటూ ఉంటుంది. వీడియో మీకు ముఖ్యమైతే మిర్రర్‌లెస్సే.

బరువు తేడా కూడా అందరూ చెప్పేంత లేదు. బ్యాటరీ, కార్డు వేశాక డీ3500 సుమారు 415 గ్రాములు, ఆర్50 సుమారు 375. చేతిలో పట్టుకుంటే డీ3500 పట్టే నాకు ఇంకా హాయిగా ఉంటుంది. నిద్రపోతున్న పాపను తీయడానికి మిర్రర్‌లెస్‌లో చప్పుడు లేని షట్టర్ దొరుకుతుంది. కానీ వేగంగా కదిలేవాటిని దాంతో తీస్తే వంకరపోతాయి, కొన్ని ఎల్‌ఈడీ బల్బుల కింద ఫొటో మీద చారలు పడతాయి. పగలు ఆడుకునేటప్పుడు మామూలు షట్టరే వాడండి.

‘మిర్రర్‌లెస్’ అన్న పేరు చూసి ఏదో ఒకటి కొనేయకండి. కెనాన్ ఆర్100 చవకైనదే, కానీ దాని స్క్రీన్ తిరగదు, టచ్ లేదు, 4కే వీడియోలో మంచి ఫోకస్ పద్ధతి పనిచేయదు. మీకు వద్దు. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 మంచివే, కానీ వాటికి వ్యూఫైండర్ లేదు. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనిపించదు, పక్షుల కోసం అలాంటిది పెట్టుకుని చూడటం కష్టం. కెనాన్ ఎం50 సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తుంది. అయితే ఆ ఎం మౌంట్‌నే కంపెనీ ఆపేసింది. దాని లెన్సులు ఆర్ సిరీస్ కెమెరాలకు పట్టవు. రేపు మారాలనుకుంటే మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

మీవారి స్నేహితుడూ, మీ తమ్ముడూ చెప్పని మూడో దారి ఒకటుంది. సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్. నికాన్ జెడ్50, సోనీ ఏ6400 రెండూ 2019లో వచ్చినవి. రెండింటికీ వ్యూఫైండర్ ఉంది, కన్ను పట్టుకునే ఫోకస్ ఉంది. వీటిలో ఒకటి మంచి స్థితిలో దొరికి, దానితోపాటు వెలుతురు బాగా తీసుకునే లెన్స్ ఒకటి మీ డబ్బులో వస్తే, ఇంకేమీ ఆలోచించకుండా అదే తీసుకోండి. మీ పాప కోసమైతే నేను కొనేది అదే. పక్షుల లెన్స్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

అది కుదరకపోతే డీ3500 తీసుకుని, మిగిలిన సగం డబ్బులోంచి ఆ 35 ఎఫ్ 1.8 కొనండి. కొత్త మిర్రర్‌లెస్‌ను ఒక్క కిట్ లెన్స్‌తో కొని చేతులు ఖాళీ చేసుకోవడం కంటే ఇది ఎంతో మేలు. రేపు నికాన్ జెడ్‌కు మారినా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో మీ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. అటునుంచి ఇటు మాత్రం కుదరదు. జెడ్ లెన్సును డీఎస్‌ఎల్‌ఆర్‌కు తగిలించలేం, ఎందుకంటే ఎఫ్ మౌంట్‌లో లెన్స్ నుంచి సెన్సర్‌కు 46.5 మి.మీ. దూరం ఉంటే, జెడ్‌లో 16 మి.మీ. మాత్రమే.

నిర్ణయం తీసుకునే ముందు మీవారి స్నేహితుణ్ని ఆ కెమెరా రెండు రోజులు అడిగి తెచ్చుకోండి. తెలిసినవాళ్లు కాబట్టి ఇస్తారు. లెన్సులు విప్పి, వెనకనుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఆ లెన్స్ వద్దు. కెమెరాలోంచి నేరుగా వచ్చిన ఒక ఫొటోలో షట్టర్ ఎన్నిసార్లు పడిందో అంకె దాగి ఉంటుంది, దాన్ని చదివే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఈ షట్టర్‌ను లక్షసార్లకు పరీక్షించారు. 20 వేలో 30 వేలో అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. తర్వాత అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను తీసి, మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే దుమ్ము, శుభ్రం చేయిస్తే పోతుంది.

ఫోకస్ పరీక్షకు ఒక పుస్తకాన్ని బల్ల మీద ఏటవాలుగా ఆనించండి. లెన్స్‌ను 55 దగ్గర పెట్టి, మధ్య పాయింట్‌తో ఒక వరుస మీద ఫోకస్ చేయండి. కెమెరాను కదలకుండా ఆనించి పదిసార్లు తీయండి. ప్రతిసారీ మీరు గురిపెట్టిన వరుసే స్పష్టంగా ఉంటే ఆ కెమెరా ఫోకస్ మంచిది. పదింటిలోనూ పై వరుసో కింది వరుసో స్పష్టంగా వస్తుంటే, నన్ను అన్ని నెలలు ఏడిపించిన జబ్బు దానికీ ఉన్నట్టే, వదిలేయండి.

మిగిలిన రోజంతా మీ పాప వెంట తిరగండి. రాత్రి కూర్చుని వంద ఫొటోల్లో ఎన్నింటిలో తన కళ్లు స్పష్టంగా వచ్చాయో లెక్కపెట్టుకోండి. సాగిపోయినవి ఎన్ని, ఫోకస్ తప్పినవి ఎన్ని అని విడివిడిగా రాసుకోండి. సాగిపోయినవే ఎక్కువైతే మీకు కావలసింది లెన్స్. ఫోకస్ తప్పినవి ఎక్కువైతే ఆ జాబితా మీ తమ్ముడికి చూపించి, సెకండ్ హ్యాండ్ జెడ్50 గానీ ఏ6400 గానీ వెతికే పని అతనికే అప్పగించండి.